రెండు షిఫ్టుల చాప

సూరత్ మగ్గాల పేటలో, వలస కూలీలు కలిసి ఉండే ఒక మెస్సు గదిలో సీమాంచల్ గౌడకు చాప ఉంది. నిజం చెప్పాలంటే సగం చాపే. పగలు అతను మిల్లులో నిలబడితే, రాత్రి షిఫ్టు ముగించుకొచ్చిన పాను నాహక్ దానిమీద పడుకునేవాడు. సాయంత్రం పాను పనికెళ్లాక సీమాంచల్ నడుం వాల్చేవాడు. ఇద్దరిదీ ఒడిశాలోని గంజాం జిల్లాయే; పాను అతణ్ణి భాయినా, అంటే అన్నా, అని పిలిచేవాడు. అయినా గుమ్మంలో ఎదురుపడి పలకరించుకోవడమే తప్ప, ఏళ్ల తరబడి తీరిగ్గా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. ఆ గదిలో అందరిదీ ఇదే వరస. మిల్లు ఆగదు, చాప ఖాళీగా ఉండదు. యజమానులు ఈ ఏర్పాటు చూసి మురిసిపోయారే గాని, ఇదేం అన్యాయమని ఒక్కరూ అనలేదు.

కరోనా వచ్చింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. ఎవరి ఇళ్లలో వాళ్లు ఉండాలన్నారు. చదువుతున్న మీకు ఇల్లుంది గనుక ఆ మాట తేలిగ్గా వినబడి ఉంటుంది. ఇక్కడ రెండు షిఫ్టుల మనుషులూ ఒకే గదిలోకి వచ్చి పడ్డారు.

"లేరా పానూ, పొద్దుగూకింది. ఇక నా వంతు."

"లేచి ఎక్కడికి పోను భాయినా? మిల్లుకా?"

సీమాంచల్ తువ్వాలు భుజాన వేసుకుని సందులోకి నడిచాడు.

అప్పటినుంచి ఒకరు పడుకుంటే ఇంకొకరు బయట సందులో గోడకు ఆనుకుని కూర్చునేవారు. ఇంతలో సీమాంచల్‌కు జ్వరం తగులుకుంది.

"ఒళ్లు కాలిపోతోంది నీకు. నా వంతు కూడా నువ్వే పడుకో" అని పాను ఎర్రటి ఎండలో బయటికి వెళ్లాడు.

కాసేపటికే కేక వినబడింది. సీమాంచల్ తూలుతూ పరుగెత్తాడు. పాను మోకాలు పట్టుకుని నేలమీద దొర్లుతున్నాడు. పోలీసు మళ్లీ లాఠీ ఎత్తాడు. "ఇంట్లో ఉండమంటే అర్థం కాదురా?"

"ఆగండి సాబ్!" సీమాంచల్ అడ్డం పడ్డాడు. "ఉంటాడు. లోపలికొచ్చి ఎక్కడ ఉండాలో మీరే చూపించండి."

పోలీసు గుమ్మంలోంచి తొంగిచూశాడు. కాళ్ల మీద కాళ్లు, తలల పక్కన తలలు. అతను మాస్కు పైకి లాక్కుని వెనక్కి అడుగువేశాడు. "దూరం దూరంగా ఉండండి" అని గొణిగి వెళ్లిపోయాడు.

సీమాంచల్ పానును భుజం ఆనించి లోపలికి తీసుకెళ్లి చాప మీద పడుకోబెట్టాడు. తాను మాత్రం సందులోకొచ్చి, సందు చివర సగం కట్టి ఆగిన మేడలకేసి చూస్తూ, గుమ్మంలో మూగిన వాళ్లకు వినబడేలా అరిచాడు.

"మన చేతులు యజమానులకు రెండు షిఫ్టులూ కావాలి. ఒంటికి మాత్రం ఒక్క షిఫ్టుకే చోటా? పనికి రమ్మన్న ఊరు పడుకోను చోటివ్వాలిరా! అది ఇవ్వని ఊరికి, మనల్ని ఇంట్లో ఉండమనే హక్కు లేదు!"