కెమెరాకు పెట్టిన బొట్టు

ఆయుధపూజ నాడు కోమలి చేతిని తప్పించుకునే వస్తువంటూ ఆ ఇంట్లో ఉండదు. కుట్టుమిషను, కత్తెర, ఇస్త్రీపెట్టె, ఆఖరికి కత్తిపీట కూడా ఒళ్ళు కడిగించుకుని, చందనం పూయించుకుని వరసగా నిలబడాల్సిందే. మొగుడు గోవిందు టమాటా లోడుతో మద్రాసు పోయి, లారీకి అక్కడే పూజ చేయిస్తానని ఫోన్ చేశాడు. పాకాల స్టేషను వెనక ఆ ఒంటిగది ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

ఈ ఏడు వరసలోకి కంప్యూటర్ కూడా చేరింది. చెల్లెలు స్రవంతి టీచరు ఉద్యోగానికి చదువుతోంది. పాఠాలన్నీ అందులోనే. ఎనిమిది నెలల కిందట గోవిందు తిరుపతిలో ఒక అంగట్లో పాతది కొని లారీలో వేసుకొచ్చాడు. కోమలి దాని తెర మీద స్వామి బొమ్మ పెట్టించి, బంతిపూల దండ వేసి, ఆన్‌లోనే ఉంచింది. దీపం ఆర్పకూడదు కదా, ఇదీ అంతేనని ఆమె లెక్క. మర్నాడు మళ్ళీ హారతిచ్చి కదిలించేదాకా ఏ పనిముట్టునూ ముట్టకూడదు.

"అక్కా, తెరకు పూయొద్దు. మరకలు పడతాయి" అని మొత్తుకుంది స్రవంతి.

"సరేలే మే. పైన కూర్సోనుండేది ఏంది? దీనికి పెడతా."

"అది కెమెరా."

"కన్నే గదా. పెడితే మంచిదే" అంటూ వేలితో చందనం మెత్తి, దాని మీద ఇంత కుంకుమ అద్దింది కోమలి.

మధ్యాహ్నం ఇద్దరూ కింద కూర్చుని, వీధిలో పంచడానికి బొరుగులు, పప్పులు, బెల్లం పొట్లాలు కడుతున్నారు. తెర మీద బాణం గుర్తు కదిలింది.

"వంశీ ఏమన్నా సేస్తా ఉండాడేమో" అంది కోమలి.

వంశీ ఆ తిరుపతి అంగట్లో పనిచేసే కుర్రాడు. కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా ఫోన్ చేస్తే, అక్కడి నుంచే బాగుచేసేవాడు. ఇక్కడ బాణం దానంతటదే తిరుగుతుంటే ఇద్దరూ సినిమా చూసినట్టు చూసేవాళ్ళు. పాస్‌వర్డు పెట్టిందీ అతనే. ఎవరికీ చెప్పొద్దని మరీ మరీ చెప్పాడు. మనిషిని ఎన్నడూ చూడకపోయినా, ఆ మర్యాద గొంతు మీద కోమలికి ఎక్కడలేని నమ్మకం.

"మనం పిలవలేదు కదక్కా" అంది స్రవంతి. "పండగ పూట అంగడే తీయరు."

బాణం మెల్లగా స్వామి బొమ్మ మీదుగా పోయి ఆగింది. కంప్యూటర్‌లో ఒక కిటికీ తెరుచుకుంది. అందులో ఏ బొమ్మా లేదు, చిక్కటి ఎర్రని చీకటి తప్ప. కిటికీ మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ అదే చీకటి. మూసుకోవడం, తెరుచుకోవడం, రానురాను వేగం హెచ్చింది. తలుపు తీయని ఇంటి ముందు మనిషి విసుక్కుంటూ గొళ్ళెం కొట్టినట్టుంది అది.

"అక్కా, అది కెమెరాలో కనబడేది" అంది స్రవంతి. "ఆ ఎరుపు నువ్వు పెట్టిన కుంకుమ. ఎవురో మనల్ని సూడాలని..."

పూజనీ, ముట్టకూడదన్న పట్టింపునీ మరచి కోమలి లేచి వెళ్ళి ప్లగ్గు ఊడబెరికింది. తెర నల్లబడ్డాక కూడా ఇద్దరూ దానికి వీపు తిప్పలేకపోయారు.

వాళ్ళకు తెలిసిన కంప్యూటర్ మనిషి ఒక్కడే. అతనికే ఫోన్ చేసింది కోమలి.

"వైరస్ అక్కా, భయపడొద్దు" అన్నాడు వంశీ. "ఇది దూరం నుంచి అయ్యే పని కాదు. రేపు నేనే వస్తా. పాకాల్లో మీ ఇల్లు యాడ?"

మర్నాడు చెప్పిన వేళకు పది నిమిషాల ముందే బైకు దిగాడు. పాతికేళ్ళుంటాయి, నుదుటిన విభూతి, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ముందుగా చేతిరుమాలు తీసి, కెమెరా మీది చందనం ఓపికగా తుడిచాడు. తర్వాత స్రవంతిని పుస్తకం తెచ్చుకోమన్నాడు.

"రాసుకో తల్లీ. పాస్‌వర్డు అప్పుడప్పుడు మారుస్తా ఉండాల. ముక్కూమొహం తెలీనోళ్ళు పంపే లింకులు తెరవొద్దు. ఎవురి పెన్‌డ్రైవంటే వాళ్ళది పెట్టొద్దు. యాంటీవైరస్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ కావాల. పని లేనప్పుడు కెమెరా వైరు పీకెయ్యి."

ఎంత బాగా చెబుతున్నాడో అనుకుంది కోమలి. నిన్నటి నుంచీ బిగుసుకున్న ఒళ్ళు ఇప్పుడు కాస్త వదులైంది. గది మూలన పరదా కట్టుకున్న వంట చోటుకు పోయి కాఫీ కలిపింది. బయట మబ్బు పట్టి గదిలో వెలుతురు తగ్గింది.

"ఈడ వైర్లు కనపళ్ళేదు" అంటూ వంశీ లేచాడు.

కాఫీ గ్లాసుతో పరదా తొలగించిన కోమలి అక్కడే నిలబడిపోయింది. వంశీ గోడబీరువా దగ్గరికి నడిచాడు. కుడి తలుపు తీశాడు. వేలాడే చీరలను పక్కకు నెట్టి, వాటి వెనకకు చెయ్యి పోనిచ్చి స్విచ్ వేశాడు. లైటు వెలిగింది. తలుపు మూసి, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

ఇంటి ఓనరు పిసినారితనం కొద్దీ కరెంటు బోర్డు మీదనే బీరువా కట్టించాడు. కొత్తలో గోవిందే వారం రోజులు తడుముకున్నాడు. ఎవరొచ్చినా లైటు ఎక్కడని అడగాల్సిందే. ఆ బీరువా సరిగ్గా కంప్యూటర్‌కు ఎదురుగా ఉంది. స్రవంతి పడుకునే చాప పరిచేది ఆ రెంటికీ నడుమ.

కోమలికి అరవాలనిపించింది. అరిస్తే చెల్లెలు అతని పక్కనే ఉంది.

"సక్కెర అయిపోయిండాది" అంది. "స్రవంతీ, అంగడికి పోదాం రా."

"ఇప్పుడా అక్కా? ఇంకా రాసుకునేది..."

"రమ్మంటే రా మే."

చెల్లెలు గడప దాటగానే కోమలి తలుపు లాగి బయట గొళ్ళెం పెట్టింది. వసారాలోని మీటరు దగ్గరికి పోయి, లోపలివాడు ఏదీ చెరపకుండా ఫ్యూజు పీకింది. ఆటోకు కట్టిన అరటిపిలకలు విప్పుతున్న ఎదురింటి ఏకాంబరాన్ని కేకేసి, "అన్నా, నలుగుర్ని పిలుసుకోనిరా, బిన్నా రా, పరుగున" అంది.

లోపలినుంచి తలుపు బాదిన చప్పుడేమీ రాలేదు. కాసేపటికి, అదే మర్యాద గొంతు వినబడింది.

"అక్కా, కరెంటు పోయినట్టుండాది."

"ఏమైందక్కా? ఆయప్పను ఎందుకు లోపలేసినావు?" అంది స్రవంతి.

"ఆయప్ప మనింటికి ఎన్నిసార్లొచ్చినాడు మే?"

"ఇదే గదా మొదలు."

"మరి బీరువాలో చీరలెనక స్విచ్ ఉండాదని ఎవురు చెప్పినారు?"

స్రవంతి మూసిన తలుపు వైపు చూసింది. ఆ ముఖంలో ఎనిమిది నెలలూ ఒక్కొక్కటే తిరిగిపోవడం కోమలికి కనిపించింది. మబ్బు విడిపోయి వీధంతా ఎండ పరుచుకుంది, జనం పరుగున వస్తున్నారు. స్రవంతి మెట్టు మీద కూలబడి, చున్నీ లాక్కుని, మెడ నుంచి పాదాల దాకా ఒళ్ళంతా కప్పుకుంది.