లైసెన్సు గలవాడు

హేమంతర్తువు నడిమి దినములు. తూర్పుకొండల నుండి దిగివచ్చిన పొగమంచు ఆ పట్టణపు శివారున నున్న రవాణాకార్యాలయపు విశాలాంగణమును ఆవరించి యుండగా అందలి యెనిమిదంకె యాకారపు వంకరబాటయు దాని చివర వాహనపరీక్షకై కట్టిన యెత్తైన సిమెంటువాలును ఉదయభానుని మందకిరణములకు కొంచెము కొంచెముగా పొడసూపుచుండెను. ప్రహరిగోడ వెంబడి దరఖాస్తులు చేతబట్టుకొని నిలిచిన స్త్రీపురుషులు బ్రేకు ఇనస్పెక్టరుగారి రాకకై యెదురుచూచుచు చలికి చేతులు ముడుచుకొని యుండిరి. వారిలో నలువదేండ్ల ప్రాయము గల చెంగమ్మ యనునామె మాత్రము చలివలన గాక భయమువలన వణకుచుండెను.

ఆమె భయము పరీక్షను గూర్చినది మాత్రమే యైనచో ఈ కథ చెప్పవలసిన పనియే లేకుండెడిది. పరీక్షకు భయపడనివారు లోకమున నెవ్వరు? ఆమె ప్రక్కన నిటారుగా నిలిచిన దీర్ఘకాయుడు ఆమె భర్త రెడ్డెప్ప. బోడిగుట్టపల్లె తోటలలో పండిన టమోటాలను తన చిన్న వ్యానులో నింపి ఘాటురోడ్డు మీదుగా మార్కెట్టునకు చేర్చుట యిరువదిరెండేండ్లుగా ఆతని జీవనవృత్తి. ఇంకను నాలుగేండ్లు చెల్లుబాటగు లైసెన్సు ఆతని చొక్కాజేబులో భద్రముగా నుండెను. చెడినవి కన్నులు. కంటినరము లెండిపోవుచున్నవనియు దానికి మందు లేదనియు వైద్యుడు చెప్పి రెండేండ్లు గడచెను. ఇప్పు డాతనికి వెలుగును నీడయు మాత్రమే తెలియును. ఈ సంగతి ఆ వైద్యునకును దంపతులకును దక్క నన్యుల కెవ్వరికిని తెలియదు. గ్రుడ్డివాని బండికి సరుకెవ్వడును ఎత్తడని రెడ్డెప్ప దానిని గుండెలో దాచుకొనెను. బాడుగడ్రైవరును పెట్టుకొన్నచో రెండుదినములలో గుట్టు బయటపడునని దానికిని ఒప్పుకొనలేదు. ఇట్లు చూపు గల భార్యకు లైసెన్సు లేకయు లైసెన్సు గల భర్తకు చూపు లేకయు ఒక బండి నడుచుచుండెను.

ఆ నడకకు వారొక పద్ధతి కల్పించుకొనిరి. చెంగమ్మ ఎల్‌ఎల్‌ఆర్ అను నేర్చుకొనువారి కాగితము తీసికొని స్టీరింగు పట్టును. రెడ్డెప్ప ప్రక్కన కూర్చుండి కన్నులు మూసికొని ఇంజను ధ్వనిని ఆలించి రెండనియు మూడనియు ఒకటనియు గేరు సంఖ్యను చెప్పును. చెప్పినదే తడవుగా ఆమె చేయి ఆ గేరును వేయును. రోడ్డును చూచుట ఆమె వంతు, బండిని వినుట ఆతని వంతు. ఐదునెలలు ఇట్లే గడచినవి. ఆ ఐదునెలలలో ఒక్క గేరైనను ఆమె తనంత తానుగా మార్చి యెరుగదు. ఇది యొక లోపమని ఆమెకు గాని ఆతనికి గాని తోచకపోవుట చిత్రమే యైనను కాపురములలో నిట్టి చిత్రములు కొల్లలు.

గడచిన వారమున ఘాటు మొదట పోలీసులు బండి నాపి నేర్చుకొనువారి కాగితముతో సరుకు తోలరాదనియు మరల చిక్కినచో బండిని పట్టుకొందుమనియు గట్టిగా హెచ్చరించిరి. ఆ మరునాడు రెడ్డెప్ప తానే స్టీరింగు పట్టెను. చెంగమ్మ ప్రక్కన కూర్చుండి దారి చెప్పుచుండెను. ఊరి వెలుపల రైతులు వచ్చిపోవు బండ్ల చక్రముల క్రింద నలుగుటకై ఉలవకట్టెను రోడ్డుపై పరచిరి. దాని నడుమ నొక ముసలవ్వ చేట పట్టుకొని కూర్చుండి యుండెను. సరుకుపై కట్టిన మోకు సడలెనేమో యని చెంగమ్మ వెనుకకు తిరిగిన యా యొక్క క్షణమున బండి ఉలవకట్టె పైకి పోయెను. ఆమె ముందునకు తిరిగి చూచి గావుకేక పెట్టెను. బండి యాగినప్పుడు చక్రమునకును అవ్వ మోకాలికిని నడుమ మూరెడు చోటుండెను. అవ్వ లేచి ఇద్దరిని నోటికి వచ్చినట్లు తిట్టిపోసెను. రెడ్డెప్ప అదేదో గట్టునీడ యనుకొంటినని చెప్పెను. నాటినుండి చెంగమ్మకు కంటినిండ నిద్ర లేదు.

ఈ యుదయమున ఇల్లు వెడలునపుడు భర్త పలికిన మాట ఆమె చెవులలో ఇంకను మారుమ్రోగుచుండెను.

"ఈ పొద్దు పాసైతే సరి మే. లేకుంటే రేపటి లోడు నేనే తోలుకుపోతా. మాగిన కాయ చెట్టుమీద నిలబడదు గదా."

"ఆ అవ్వను మర్చిపోయినావా మామా?"

"మర్చిపోలేదు. ఈసారి మెల్లింగా పోతా."

మెల్లగా పోవు చక్రము క్రింద నలిగినను ప్రాణము ప్రాణమే కదా యని ఆమె తలపోసెను. తాను తప్పినచో రేపు ఘాటురోడ్డున నెవ్వరి బిడ్డ చచ్చునో యను నొక్క తలంపు ఆమె నరనరమున పాకుచుండెను.

తొమ్మిదిగంటల వేళకు మంచు విడెను. స్థూలశరీరుడును మితభాషియు నగు బ్రేకు ఇనస్పెక్టరు వచ్చి ఒక్కొక్కరినే పిలువసాగెను. చెంగమ్మ వంతు రాగా రెడ్డెప్ప అలవాటు చొప్పున తమ వ్యాను రెండవవైపు తలుపు తడవుచుండెను. ఇనస్పెక్టరు చేయి యడ్డము పెట్టి పరీక్షాస్థలము చుట్టు కట్టిన తాడును చూపెను.

"ఆయన తాడుకు అవతల నిలబడాల. నువ్వు ఒక్కదానివే ఎక్కమ్మా."

ఆమె యెక్కెను. ఇనస్పెక్టరు ప్రక్కన కూర్చుండెను. ఐదునెలలుగా సంఖ్యలు పలికిన యా చోటినుండి ఇప్పుడు పెన్ను గీతల చప్పుడు దక్క మరేమియు వినబడకుండెను. వంకరబాట యంతయు మొదటిగేరుననే సాగునది కావున దానిని ఆమె నెమ్మదిగా దాటెను. పిదప తిన్నని బాటపై వేగము పెంచుమని ఇనస్పెక్టరు చెప్పగా కొంతసేపు గింజుకొని యెట్టకేలకు రెండవగేరు వేసెను. ఆ గేరుతోనే వాలు నెక్కబోయెను. నడిమి గీతకడ నిలిపి వెనుకకు జారక మరల కదలింపవలయునని ఆనతి యయ్యెను. ఆమె నిలిపెను. క్లచ్చి వదలెను. రెండవగేరున నున్న ఇంజను దగ్గుచు మూలుగుచు వణకెను. ఏమి చేయవలెనో తెలియక ఆమె చేయి గేరుకడ్డీపై నుండి చెప్పువానికై వేచియుండెను. బండి వెనుకకు జారసాగెను.

తాడు కావల నిలిచిన రెడ్డెప్పకు ఆ మూలుగు వినబడెను. వినబడిన పిదప ఊరకుండుట ఆతని వశమున లేకపోయెను.

"ఒకటెయ్ మే, ఒకటి."

ఆ మాటతో పాటే ఆమె చేయి మొదటిగేరు వేసెను. బండి జారుట మాని వాలు నెక్కి ఆవలివైపున చక్కగా దిగి గేటున కెదురుగా నిలిచెను. గోడకడ నున్నవారు ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టిరి. ఇనస్పెక్టరు దిగి కాగితముపై అడ్డగీత గీచెను.

"బాగానే ఎక్కించినావు గానీ ఎక్కించింది నువ్వు కాదమ్మా. ఆయన చెప్పకుంటే వెనక్కే పోతాంటివి. రేపు ఆయన లేనప్పుడు ఎవరు చెప్తారు?"

చెంగమ్మ తల వంచుకొని దిగెను. ఇనస్పెక్టరు రెడ్డెప్పను బండికడకు పిలిచెను.

"ఫెయిలైనోళ్లు బండి తీయకూడదు. ఏమప్పా, నీకు లైసెన్సు ఉండాదా?"

"ఉండాది సార్." రెడ్డెప్ప జేబునుండి దానిని తీసి చూపెను.

ఇనస్పెక్టరు కార్డు చూచెను. మనుష్యుని చూడలేదు. "అయితే నువ్వే తీసి గేటు బయట పెట్టు" అని బండితాళము ఆతని చేతనుంచెను.

రెడ్డెప్ప బండిని తడవుచు తలుపు కనుగొని యెక్కెను. బండికిని గేటునకును నడుమ పదిమంది దరఖాస్తుదారులు వరుసతప్పి ముచ్చటించుకొనుచు నిలిచియుండిరి. చంకలో పసిబిడ్డ నెత్తుకొన్న యువతి యొకతె వీపు ఇటు త్రిప్పి యుండెను. ఆతనికి కండ్లు లేవని పలుకుటకు చెంగమ్మ నోరు తెరచెను. ఇరువదిరెండేండ్ల పరువును పదిమందిలో తన నోట విరుగగొట్టుటకు ఆ నోరు రాకపోయెను. నోరు రాకున్నను కాళ్లు కదలెను. ఆమె పోయి బండిముందు రెండుబారల దూరమున ఆతని కెదురుగా నిలిచెను.

ఎండ స్పష్టముగా నుండెను. ఆమె ఎఱ్ఱచీర అందరికిని కనబడుచుండెను. రెడ్డెప్ప ముఖము సూటిగా ఆమెవైపే యుండెను. ఆతడు తాళము త్రిప్పి గేరు వేసి బండిని కదలించెను. మగడును పెండ్లామును పరిహాసమాడుచున్నారని తలచి కొందరు నవ్విరి. బండి యాగలేదు. నవ్వు ఆగెను. ముందరి యినుపపట్టీ తన మోకాళ్లకు తాకినప్పుడు ఆమె పెద్దగా అరవక మెల్లగా పలికెను.

"నిలుపు మామా. నేను."

బండి కుదుపుతో నిలిచెను. ఇంజను ఆగెను. బిడ్డనెత్తుకొన్న యువతి గోడకు జేరగిలబడెను.

"యాడుండావు?"

"నీ ముందరే."

"ఎంతసేపట్నించి?"

"నువ్వు ఎక్కినప్పట్నించి."

రెడ్డెప్ప స్టీరింగుపై నుండి చేతులు తీసెను. పిదప దిగెను. జేబులోని లైసెన్సు తీసి ఇనస్పెక్టరు నిలిచినచోటు గాక మరియొకచోటునకు చేయి చాచెను. ఇనస్పెక్టరు నాలుగడుగులు నడచి ఆ చాచిన చేతియెదుటికి వచ్చి దానిని గైకొనెను.

"ఇది పైకి రాసి పంపాల. తప్పదు."

"రాయండి సార్" అని చెంగమ్మ యనెను.

"వచ్చే బేస్తారం రామ్మా. గేర్లు నువ్వే వేసుకోవడం నేర్చుకుని రా."

బండి గోడప్రక్కన నిలువబడెను. దానిని తీయుటకు ఆ దంపతులలో ఎవ్వరికిని అర్హత లేకుండెను. రేపటి కాయలో సగము తోటలోనే కుళ్లుననియు ఈ వార్త మధ్యాహ్నమునకే పల్లె చేరుననియు ఇద్దరకును తెలియును. గేటు వెలుపల పెద్దరోడ్డుపై లారీలును బస్సులును ఎడతెగక పోవుచుండెను. రెడ్డెప్ప అంచున నిలిచి రెండేండ్లలో మొదటిసారిగా అందరు చూచుచుండగా చేయి చాచి భార్య భుజమును పట్టుకొనెను. ఆమె రెండువైపులను చూచెను. ఒక లారీని పోనిచ్చెను. ఒక బస్సును పోనిచ్చెను. ఎవ్వరును చెప్పకుండగనే తగిన యదనెరిగి అడుగు ముందుకు వేసెను. ఆతడు ఆమె వెంట నడచెను.