మిషను కూడా పంపండి

పెళ్ళివారు ఉన్నంతసేపూ వెనకగది దాటి రావద్దని అమ్మ అక్కకు ముందే చెప్పింది. ముప్పై ఆరేళ్ళొచ్చినా పెళ్ళికాని అక్క కంటబడితే చెల్లి సంబంధం చెడుతుందని ఆమె భయం. కుట్టుమిషను చప్పుడు కూడా కాకూడదంది. అక్క తలుపు పక్కన కూర్చుని, ఊళ్ళోవాళ్ళ జాకెట్లకు చేత్తో హుక్సులు కుట్టుకుంటోంది.

ముందుగదిలో పెళ్ళికొడుకు తల్లి గొంతు ఖంగుమంది. "జాకెట్టు ఎంత బాగా కుదిరిందో! ఎవరు కుట్టారు?"

"ఇదేనండీ, తనే కుట్టుకుంది," అంది అమ్మ తడుముకోకుండా. చెల్లికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

"అయితే ఇంకేం! ఇచ్చేవాటితో పాటు ఆ మిషను కూడా పంపండి వదినగారూ. ఖాళీగా కూర్చునే కోడలు మాకొద్దు."

అందరూ నవ్వారు. "దానికేం భాగ్యమండీ," అని అమ్మ కూడా నవ్వింది.

వాళ్ళు వెళ్ళాక అమ్మ తలుపు తీసింది. "నోరు జారానే. ఇప్పుడు కాదంటే అబద్ధం బయటపడుతుంది."

పదిహేనేళ్ళుగా ఆడవాళ్ళు అక్క గడప తొక్కేది ఆ మిషను కోసమే. కొలతలిస్తూ నాలుగు మాటలు చెప్పుకుని పోయేవారు.

"నేను నిజం చెప్పేస్తానక్కా," అంది చెల్లి ఏడుస్తూ.

"చెప్పి ఏం బావుకుంటావ్? రా, కూర్చో. అక్కడికెళ్ళి తెల్లమొహం వేస్తే నిన్నే ఆడిపోసుకుంటారు," అంది అక్క, ఆమెను మిషను ముందు కూర్చోబెట్టి.

చెల్లి తొక్కగానే చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది. అక్క ఆమె పాదం పక్కన తన పాదం పెట్టి నెమ్మదిగా తొక్కింది. అంతలో ఎవరో కొత్త జాకెట్టు గుడ్డతో వచ్చి వాకిట్లోంచి పిలిచారు. ఇకమీదట ఇక్కడ కుట్టడం లేదని అమ్మే చెప్పి పంపేసింది.