రాళ్ళకు ఆనించిన చెవి

నేను ఒక చేతి మైకుని. గరాటు ఆకారం, ఎర్ర మూతి, భుజానికి తగిలించుకునే పట్టీ. మీరు నన్ను చూసి ఉండకపోయినా విని మాత్రం ఉంటారు. ఢిల్లీలో ఒక ఇరుకు సందులో, కార్ఖానా అనడానికి మొహమాటపడాల్సిన గదిలో, నాకు తీగలు అతికి ప్రాణం పోశారు. గొంతు ఇచ్చారు గానీ సొంతానికి ఒక్క మాట కూడా ఇవ్వలేదు. ఎవరు నోరు పెడితే వాళ్ళ మాటే నా మాట.

మొదట తణుకులో ఒక అద్దె సామాన్ల కొట్టులో ఉండేదాన్ని. ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం దాన్ని తిట్టే పార్టీకి, అదే వీధిలో ఓట్లడిగాను. రెండు పూటలా జనం తలలూపారు. ఆ తర్వాత సమాధానం అనే పాస్టరు గారు నన్ను కొనుక్కున్నారు. ఆయన మంచివారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగతాది వింటే మీకు ఆయన మీద కోపం రావచ్చు. పేటలో ఎవరికి జ్వరమొచ్చినా సైకిలేసుకుని వెళ్ళే మనిషి. ఆయన బలహీనతల్లా గొంతే. ప్రార్థన ఎంత గట్టిగా చేస్తే అంత తొందరగా పైకి చేరుతుందని ఆయన నమ్మకం. దేవుడికి చెవుడని ఎవరు చెప్పారో తెలియదు.

నేపాల్‌లో భూకంపం వచ్చిందని తెలిసి చర్చి సంఘంవాళ్ళు బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్ పట్టాలు పోగుచేశారు. పాస్టరు గారు, మరికొందరు కలిసి బయల్దేరారు. వాళ్ళలో సలోమి అనే నర్సు ఉంది. ఉత్తరాదిలో పనిచేసి వచ్చింది కాబట్టి ఆవిడకి హిందీ వచ్చు. రైళ్ళెక్కి, బస్సెక్కి, ఆఖర్న కొండ మీదికి నడిచి ఒక ఊరు చేరాం. ఇళ్ళు కొన్ని కూలిపోయాయి, కొన్ని పగుళ్ళతో నిలబడ్డాయి.

ఊరిబయట మెట్టపొలంలో జనాన్ని వరసలో నిలబెట్టారు. ముందు దేవుడి వాక్యం, తర్వాత బియ్యం. మా వాళ్ళ పద్ధతి అది. పాస్టరు గారు తెలుగులో చెప్పడం, సలోమి హిందీలోకి మార్చడం, ఎండ నడినెత్తికి రావడం. వరసలో మన్‌మాయ అనే ఆవిడ ఉంది. దాహం, దాహం అని గొణుగుతున్న కూతురు డోల్మాని అత్తగారితో ఇంటికి పంపించింది. వాళ్ళు లోపలికి వెళ్ళిన కాసేపటికే నేల మళ్ళీ కదిలింది.

వాక్యం వింటూ ఆరుబయట ఉన్నవాళ్ళంతా బతికిపోయారు. ఈ సంగతి పాస్టరు గారు తర్వాత చాలాసార్లు చెప్పారు, అది నిజమే. దాహమేసి వెళ్ళినవాళ్ళ సంగతి కూడా నిజమే.

దుమ్ము అణగకముందే మన్‌మాయ పరుగెత్తింది. రాళ్ళకుప్పగా మారిన ఇంటి మీద మోకాళ్ళూని, తల రాళ్ళకు ఆనించింది. మా వాళ్ళ గుండె తరుక్కుపోయింది. మోకరించి తలవంచిన మనిషిని చూస్తే మా వాళ్ళకి తోచేది ఒక్కటే. అందరూ చుట్టూ మోకరించారు. పాస్టరు గారు నన్ను ఎత్తి పాట అందుకున్నారు, పాట తర్వాత ప్రార్థన. ఏడుస్తూ చేశారు. అవి దొంగ ఏడుపులు కావు.

మీరు నోరు పెట్టే చోట ఉన్న చిన్న జల్లెడే నా చెవి. ఆయన ఊపిరి తీసుకునే సందుల్లో రాళ్ళ కింది నుంచి టక్, టక్‌మని వినిపించింది. ఎవరో ఇత్తడి మీద రాయితో కొడుతున్నారు. నాకు స్పష్టంగా వినిపించింది. చెబుదామంటే నోరుంది, మాట లేదు. అంత నరకయాతన నేనెప్పుడూ పడలేదు. ఇంతలో ఆ చప్పుడు ఆగిపోయింది.

ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు. సలోమి తెరిచింది. మన్‌మాయ తల ఎత్తకుండానే, ఆపమన్నట్టు చేత్తో గాలిని కొడుతోంది. సలోమి లేచి వచ్చి పాస్టరు గారి చెయ్యి పట్టుకుంది.

"ఆపండయ్యగారూ. ఆవిడ ప్రార్థన చేత్తల్లేదండి. వింటందండి."

ఆయన నా నోరు నొక్కేశారు. అందరూ రాళ్ళకు చెవులానించారు. ఏ చప్పుడూ లేదు. ఎక్కడ తవ్వాలో తెలియక తోచినచోటల్లా తవ్వారు. పాస్టరు గారి గోళ్ళు ఊడి రక్తం కారుతున్నా ఆపలేదు. పొద్దు వాలుతుండగా మళ్ళీ ఒక్కసారి టక్‌మంది, చాలా నీరసంగా. ఈసారి చోటు తెలిసింది. డోల్మా బతికే ఉంది, చేతిలో ఇత్తడి చెంబుతో. పిల్లకు అడ్డంగా ఒరిగిపోయిన నాయనమ్మకు ప్రాణం లేదు. సలోమి చెయ్యి పెట్టి చూస్తే ఒంట్లో వేడి ఇంకా పోలేదు; ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా చెయ్యి తీసేసింది.

నీళ్ళు తాగాక పిల్ల తల్లికి ఏదో చెప్పింది. తల్లి దాన్ని హిందీలో సలోమికి చెప్పింది. సలోమి దాన్ని తెలుగులోకి మార్చలేదు.

మా ఊరికి తిరిగొచ్చాక కాలవగట్టున కృతజ్ఞతా కూడిక పెట్టారు. కరెంటు పోతే నన్ను పట్టుకొచ్చారు. మన పాట రాళ్ళను చీల్చుకుని వెళ్ళి ఆ బిడ్డకు ధైర్యం చెప్పిందని పాస్టరు గారు చెప్పారు. ఆయన అబద్ధమాడలేదు, తెలిసినంత చెప్పారు. ప్రతి మాటకీ జనం స్తోత్రం అన్నారు. సాక్ష్యం చెప్పమని నన్ను సలోమి చేతిలో పెట్టారు. ఆవిడ నన్ను నోటి దగ్గర పెట్టుకుంది.

"నాయనమ్మ గారు చెంబు మీద రాయెట్టి కొడతానే ఉన్నారంటండి. మన పాట వినపడగానే, మనుషులొచ్చేసేరు, ఇంక కొట్టక్కర్లేదమ్మా అని పిల్లకి చెప్పి ఆపేసేరంటండి."

అలవాటు చొప్పున జనం స్తోత్రం అన్నారు. అన్నాక ఒక్కొక్కరికే అర్థమై తలలు దించుకున్నారు. పాస్టరు గారు మాత్రం అనలేదు. కట్టుకట్టిన తన వేళ్ళకేసి చూసుకుంటూ ఉండిపోయారు.

ఇప్పుడు నేను మా ప్రార్థన గుడిలో బీరువా మీద, పాత చాపల పక్కన ఉంటున్నాను. లోపల బ్యాటరీలు కారి తుప్పు పడుతున్నాయి. నన్ను దించమని ఎవరైనా అంటే పాస్టరు గారు విననట్టు ఊరుకుంటారు. ఆదివారం ప్రార్థన మొదలుపెట్టే ముందు ఆయన మోకరించి, తల నేలకు ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోతారు. మనసులో ప్రార్థన చేసుకుంటున్నారని జనం అనుకుంటారు. ఆయన వింటున్నారు.