నాలుక మీద నీలం

నీలానికి రుచి ఉంది.

మొదట చేదు. తర్వాత ఉప్పన. ఆఖరున, ఉమ్మేశాక కూడా, తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఏదో మిగులుతుంది... అది మధ్యాహ్నం దాకా పోదు.

తొట్టిలో రంగు పులిసిందో లేదో కంటికి తెలియదు. ముక్కుకి సగమే తెలుస్తుంది. పుల్ల ముంచి ఒక చుక్క నాలుక మీద వేసుకోవాలి. రంగుల వీధిలో ప్రతి పొద్దూ అలాగే మొదలవుతుంది. పొయ్యిలు, పొగ, తొట్ల మీద ఆవిరి, ఆవిరిలో వంగి నిలబడ్డ ఆడవాళ్లు — తలా ఒక చుక్క.

వాళ్లలో ఒక పిల్ల ఉంది. ఆమెకు నాలుక మంచిది.

ఆ మాట అన్నది ఆమె కాదు, మేస్త్రీ. చిన్న తొట్టి దగ్గర ఆమె ఊ అంటేనే గుడ్డ దించేవారు. అది తలుచుకుని ఆమె కాస్త గర్వపడేది. పడనివ్వండి. ఆ వీధిలో గర్వపడటానికి ఇంకేముంది గనుక.

రంగు అంటిన చేయి వీధి చివరి గేటు దాటకూడదు.

అది చట్టం. కాపలావాళ్ల కోట్లకు నీలం కావాలి. కార్యాలయాల కిటికీ తెరలకు నీలం కావాలి. జెండాలకు మరీ కావాలి. నీలం వేసేవాళ్లు మాత్రం బయట ఎవరి కంటా పడకూడదు. చిన్న తొట్టిలో పనిచేస్తే వేళ్ల దాకా అంటుతుంది, ఓపిక ఉంటే తోమి వదిలించుకోవచ్చు. పెద్ద తొట్టిలోకి దిగితే మోచేతుల దాకా పాకుతుంది. అది ప్రాణంతోపాటే పోతుంది.

పిన్ని చేతులు మోచేతుల దాకా నీలం.

తల్లి పోయాక ఆమెను పెంచినవి ఆ చేతులే. తల దువ్వినవీ, వీపు మీద చరిచినవీ, జ్వరం వస్తే నుదుటి మీద రాత్రంతా ఉన్నవీ అవే. పిన్ని అంత చిన్న వయసులో పెద్ద తొట్టిలోకి ఎందుకు దిగిందో ఎవరూ చెప్పలేదు. అడిగితే పొయ్యి మీద ఏదో మాడిపోతోందని లేచి వెళ్లేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు.

ఈ వారం గడిస్తే ఆమెనూ పెద్ద తొట్టిలోకి దించుతారు. మేస్త్రీ ఆ మాట శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

గేటు అవతల ఒక వంతెన. వంతెన అవతల ఒక రోడ్డు. ఆ రోడ్డు ఎక్కడికి పోతుందో ఆమెకు తెలియదు. రేపు ఏం చేస్తుందో, ఎల్లుండి ఏం చేస్తుందో, ముసలిదయ్యాక ఏం చేస్తుందో అన్నీ తెలిసిన బతుకు ఆమెది. తెలియని చోటొకటి కావాలి. అంతే. అంతకన్నా పెద్ద మాటలు ఆమెకు రావు.

పొడుగుపిల్ల ముందు వెళ్లింది.

ఆమెకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. తాటిచెట్టంత మనిషి, చీమంత గొంతు. ఆ పిల్ల వేళ్లను బూడిద, నిమ్మచెక్క, ఉప్పు పెట్టి తోమింది తనే. గోళ్ల సందుల్లో పుల్లతో గీకింది తనే. తోమగా తోమగా చర్మం రంగు చర్మానికి తిరిగి వచ్చింది. ఇద్దరూ ఆ చేతులను చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

పొద్దున్నే కూరలమ్మడానికి బయటి ఆడవాళ్లు వస్తారు. ఎండెక్కేసరికి ఖాళీ బుట్టలతో వెళ్లిపోతారు. వాళ్లలో కలిసిపోయింది పొడుగుపిల్ల. గేటు దగ్గర చేతులు చూస్తారు. చేతులకేం, అద్దంలా ఉన్నాయి.

పట్టుకున్నారు.

చేతుల మీద చుక్క రంగు లేదు. అయినా పట్టుకున్నారు.

అయితే ఎవరో చెప్పి ఉండాలి.

ఎవరు... ఎవరు...

ఆ రోజు నుంచి వీధికి వీధి మారిపోయింది. మారింది వీధి కాదేమో, ఆమె చూపేమో. నవ్వితే ఎందుకు నవ్వారు. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదు. గుడ్డలు ఆరేసే తీగల మధ్య నడిస్తే, ప్రతి గుడ్డ వెనకా ఎవరో నిలబడి ఉన్నట్టే ఉండేది. గాలి వీస్తే గుడ్డ పక్కకు తొలిగేది. ఎవరూ ఉండరు. అదీ నమ్మబుద్ధి కాదు.

పొడుగుపిల్లకు ఎవరో ఏదో మందు తినిపించారట, గేటు దగ్గర కళ్లు తిరిగి పడిపోయిందట — అలా ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. ఆమె మాత్రం అప్పటి నుంచి ఎవరి చేతి మీదుగా మంచినీళ్లు కూడా తాగలేదు.

పట్టుబడినవాళ్లను గోడ వెనక తొట్టిలో వేస్తారు. వాళ్లతో మాట్లాడకూడదు. వాళ్లూ నోరు మెదపకూడదు. ఆ గోడకు ఒక పగులు ఉంది. బొగ్గులు తేవడానికి వెళ్లినట్టు వెళ్లి, ఆమె ఆ పగులుకు కన్ను ఆనించింది.

పొడుగుపిల్ల కనిపించింది. అప్పటికే మోచేతుల దాకా నీలం.

ఇటు చూసింది. గుర్తుపట్టింది. నోరు బార్లా తెరిచి, నాలుక చాపింది.

చిన్నపిల్లలు వెక్కిరించినట్టు... అలా చాపి, చాలాసేపు అలాగే ఉంచింది.

ఆమె పగులు దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. నన్నే అనుమానిస్తోంది. తోమింది నేను, దాచింది నేను, చెప్పిందీ నేనే అనుకుంటోంది... బొగ్గుల బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తూ ఏడ్చింది. కంట్లో మసి పడిందని అందరితో చెప్పింది.

తను చెప్పలేదు. మరి ఇంకెవరికి తెలుసు?

గదికి అడ్డంగా ఒక తెర. తెరకు ఇవతల ఆమె, అవతల పిన్ని. ఇద్దరు ఆడపిల్లలు నిమ్మచెక్కతో చేతులు తోముకుంటే తెర అవతలికి వాసన వెళ్లదా?

పిన్ని.

ఆ పేరు మనసులోకి వచ్చినప్పుడు ఆమె దాన్ని బయటికి గెంటింది. అది మళ్లీ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

చూడకూడదనుకుంటూనే చూడటం మొదలుపెట్టింది. పని దిగాక పిన్ని రోజూ మేస్త్రీ గదికి వెళుతోంది. తలుపు వేసుకుంటారు. వచ్చేటప్పుడు పిన్ని కళ్లు కిందికి ఉంటాయి. తొట్టి దగ్గర బొంగురు గొంతావిడ ఒకతె ఉంది, ఊళ్లో సంగతులన్నీ ఆవిడ గొంతులోనే గరగరలాడతాయి. మీ పిన్ని నీ కోసమే మేస్త్రీ కాళ్లూ గడ్డం పట్టుకుంటోంది, నిన్ను పెద్ద తొట్టిలో దించడం ఒక్క వారం ఆపమని — అని ఆవిడ చెవిలో వేసింది. ఆమె నమ్మలేదు. అడగకుండా చెప్పేవాళ్లను అసలు నమ్మకూడదనుకుంది.

ఇప్పుడు తన చేతులు తనే తోముకుంటోంది. పనిలో పుండు పడిందని అబద్ధం చెప్పి, వేళ్లకు గుడ్డ చుట్టుకుంటోంది. ఒక పొద్దున పిన్ని ఆ గుడ్డ చూసింది. విప్పి చూపించమనలేదు. జారిపోతోందని చెప్పి, గట్టిగా బిగించి ముడి వేసింది.

వంటింట్లో నిమ్మకాయలు తగ్గిపోతున్నాయి. పిన్ని అడగలేదు. మళ్లీ తెచ్చి పెడుతోంది.

అడగకపోవడమే ఆమెకు భయం. అడిగితే అబద్ధం చెప్పేది. అడగని మనిషికి ఏం చెప్పాలి?

అన్నిటికన్నా మండింది తొట్టి దగ్గర. ఒక పొద్దున ఆమె పుల్ల ముంచబోతే, పెద్ద తొట్టి దగ్గర ఉండాల్సిన పిన్ని విసవిసా వచ్చి చేతిలోంచి పుల్ల లాక్కుంది. అందరూ చూస్తుండగా.

"నీ మొహానికి రుచి కూడానా. పక్కకి జరుగు."

అందరూ నవ్వారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆమె తొట్టి చుక్క పిన్నే నాలుక మీద వేసుకునేది. మేస్త్రీ కూడా నవ్వి ఊరుకున్నాడు. ఆమె ఒళ్లు మండిపోయింది. పిన్ని తనను పనికిరానిదిగా చూపించి ఏం సాధిస్తోంది? మేస్త్రీ దగ్గర ఏం మార్కులు కొట్టేస్తోంది? ఉన్న ఒక్క గర్వాన్నీ లాక్కుంటే తను తోక ముడుస్తుందనుకుందా?

సరే. వెళ్లే రోజు వచ్చింది.

మురుగుకాలవ పక్కన పాత బుట్ట, బయటివాళ్లు కట్టుకునే గళ్ల చీర దాచి ఉన్నాయి. వేళ్ల మీద నీలం లేదు. గుడ్డ కింద ఆ వేళ్లు ఆమెకే కొత్తగా ఉన్నాయి.

తొట్టి మీద ఆవిరి లేస్తోంది. పిన్ని వంగి పక్క తొట్టి మూత ఎత్తుతోంది.

ఇటు వీపు.

ఆమె పుల్ల తీసుకుంది. ముంచింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. చేదు, ఉప్పన, తుప్పు... సరిగ్గా పులిసింది. నాకూ తెలుసు రుచి. నీకంటే బాగా తెలుసు. ఈ తొట్టికి ఇదే నా చివరి మాట.

తల ఎత్తేసరికి పిన్ని చూస్తోంది.

ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తిట్టలేదు. పుల్ల లాక్కోలేదు. మూత అక్కడే పడేసి లోపలికి వెళ్లిపోయింది. అయిపోయింది, మేస్త్రీకి చెప్పడానికే వెళ్లింది అనుకుంది ఆమె. ఇక ఆగలేదు. వెనక గుమ్మం వైపు నడిచింది, పరుగెత్తితే చూస్తారని నడిచింది.

గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది.

దారికి అడ్డుపడలేదు. ఎక్కడికని అడగలేదు. ఆమె పిడికిలి తెరిచి, చిన్న గుడ్డ పొట్లం పెట్టి, ఆ నీలం చేతులతో పిడికిలి మళ్లీ మూసింది.  

"దారిలో నోట్లో వేసుకో. నమిలి నాలుకంతా రుద్దుకో. అమ్మడూ... మర్చిపోకు."

వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లింది పిన్ని.

మందు. పొడుగుపిల్లకు పెట్టిన మందు ఇదే. నోట్లో వేసుకుంటే గేటు దగ్గర కూలిపోతాను. కాలవలో పారేద్దామని చేయి ఎత్తింది. ఎందుకో పారేయలేదు. నోట్లోనూ వేసుకోలేదు. వేళ్ల గుడ్డ విప్పేసి, గళ్ల చీర చుట్టుకుని, బుట్ట ఎత్తుకుని, దాన్ని పిడికిట్లో అలాగే పట్టుకుని కూరలమ్మేవాళ్ల వెనక కలిసింది.

ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఖాళీ బుట్టలు, గళ్ల చీరలు, ఇవాళ బేరాల్లేవని గొణుగుడు. గేటు దగ్గర నీలం కోటు. ఆ కోటు తన తొట్టిలోదే అయి ఉంటుందని ఆమెకు అనిపించింది.

ముందున్న ఆవిడ చేతులు చాపింది. కాపలావాడు అటూ ఇటూ తిప్పి చూశాడు. తలూపాడు. తర్వాత, ఆవులిస్తూ, రోజూ అనే మాటలాగా అన్నాడు —

"నోరు తెరువు."

ఆవిడ తెరిచింది. బయటివాళ్లకు అలవాటే. చెప్పుకోవలసిన సంగతి కూడా కాదు.

ఎర్రటి నాలుక.

ఆమె అలాంటి నాలుక ఎప్పుడూ చూడలేదు. వీధిలో అందరి నాలుకలూ నీలమే. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది అదే. నాలుకంటే అలాగే ఉంటుందనుకుంది. చేతులు తోముకుంది, గోళ్లు గీక్కుంది... నాలుక సంగతి తనకూ తట్టలేదు, పొడుగుపిల్లకూ తట్టలేదు.

పొడుగుపిల్ల వెక్కిరించలేదు. చూపించింది.

ఎవరూ చెప్పలేదు. ఎవరూ... వీధిలో ఒక్కరు కూడా చెప్పలేదు.

పిన్ని పుల్ల ఎందుకు లాక్కుందో ఇప్పుడు తెలిసింది. ఇన్ని పొద్దులూ ఆమె చుక్కను తన నాలుక మీద ఎందుకు వేసుకుందో తెలిసింది. పిన్నికి నాలుక సంగతి ఎలా తెలుసో, అంత చిన్న వయసులో పెద్ద తొట్టిలోకి ఎందుకు దిగిందో... అదీ తెలిసింది. పిన్ని కూడా ఒకప్పుడు ఈ వరసలోనే నిలబడింది. ఇక్కడే, ఈ ఎండలోనే నోరు తెరిచింది.

దొరికితే, నీకెవరు నేర్పారని మొదట అడుగుతారు. ఏమీ తెలియని పిల్ల దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే పిన్ని మాట్లాడలేదు.

పిన్నీ, నన్ను తిట్టవే. ఇప్పుడు తిట్టు.

ఇంత కాపాడిన నాలుక మీద ఇవాళ పొద్దున తన చేత్తో తనే ఒక చుక్క వేసుకుంది. పౌరుషానికి.

ముందు ఇంకా ఒక్క ఆవిడే ఉంది.

పిడికిలి తెరిచింది. గుడ్డ తడిసి ఉంది. వాసన తెలిసిన వాసనే. ఉప్పు అద్దిన నిమ్మచెక్క. వంటింట్లో తను దొంగిలించగా మిగిలినది. ఇది మందేనేమో అని ఇంకా ఒక గొంతు లోపల గొణుగుతూనే ఉంది. ఆ గొంతుకు అలవాటైపోయింది. ఆమె దాన్ని గొణగనిచ్చి, చెక్క నోట్లో వేసుకుని కసకసా నమిలింది. తొక్కను పళ్లతో పట్టి నాలుకంతా గీకింది. పులుపుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పులుపుకే అనుకోండి.

తొక్క మింగేసింది.

చేతులు చాపింది. కాపలావాడు తిప్పి చూశాడు. తలూపాడు.

"నోరు తెరువు."

వాడి భుజం మీద నుంచి వంతెన కనిపిస్తోంది. వెనక, రంగుల వీధి మీద ఆవిరి లేస్తూ ఉంటుంది. పిన్ని ఎవరి తొట్టి దగ్గరో పుల్ల ముంచుతూ ఉంటుంది.

ఆమె నోరు తెరిచింది. వాడు వంగాడు.

నాలుక మీద పులుపు. పులుపు కింద ఉప్పు. ఉప్పు కింద, ఎక్కడో వెనక, తుప్పు పట్టిన మేకులాంటి ఆ కాస్త రుచి... ఇంకా ఉంది. రుచి ఉంటే రంగు కూడా ఉన్నట్టా?

ఎవరి నాలుక వాళ్లకు కనబడదు. ఆమె నాలుక పిన్నికి మాత్రం కనబడేది.