అమ్మవారి వాటా

మా ఊళ్ళో జాకరమ్మకు పూజ చేసే మనిషికి కాలి బొటనవేలు వాస్తుంది. ఎర్రగా కణికలా అవుతుంది. దుప్పటి అంచు తగిలినా కేక పెడతాడు. కొన్నాళ్ళకు తగ్గుతుంది, మళ్ళీ ఎప్పుడో వస్తుంది. పూజారి ఊరు విడిచి పోకుండా అమ్మవారు కాలు కట్టేస్తుందని మావాళ్ళ నమ్మకం. మా మామ సోంబరు మూలుగుతూనే ఆ నొప్పి గురించి గర్వంగా చెప్పుకునేవాడు. ఆయనకు ముందు పూజ చేసింది మా అత్త చిట్టెమ్మ తండ్రి. ఆయనకూ అదే వేలు, అదే వాపు.

ఈ ఏడాది మామ కొండమీద అమ్మవారి రాయి దాకా ఎక్కలేనన్నాడు. చైత్రంలో మా కొండల్లో చేసుకునే ఇటుకల పండుగకు నా భర్త కామేష్ పూజలో కూర్చోవాలని పెద్దలు తేల్చారు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. వాలు మీద కాస్త కాఫీ తోట, కింద కాస్త చోడి, అంటే రాగి చేను మాకున్న ఆధారం. రెండింటికీ ఎక్కి దిగేవి కామేష్ కాళ్ళే. పెద్దది సోని ఇంకా బడికి కూడా వెళ్ళడం లేదు. చిన్నవాడు పాలు తాగుతున్నాడు. ఆ కాలు పడిపోతే మా గతేమిటి?

"వద్దని సెప్పు," అన్నాను కామేష్‌తో.

"ఎవులికి? అయ్యకా, అమ్మోరికా?"

"ఇద్దరికీ."

"అమ్మోరికి నువ్వే సెప్పు. ఆడోళ్ళూ ఆడోళ్ళూ మాటాడుకోండి."

అతనికి అన్నీ నవ్వులాటే.

ఇక నాకు మిగిలిన దిక్కు డాక్టరమ్మ. అంతోనమ్మ గారు విశాఖపట్నంలో కీళ్ళ జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరు. నేను ఈ ఊరికి కోడలిగా రాకముందు నుంచే ఏటా మా కొండలకు వస్తున్నారు. అప్పట్లో హుకుంపేటలో బస్సు దిగి నడిచి వచ్చేవారట. నాకు కాస్త రాయడం వచ్చని, రక్తం సీసాల మీద పేర్లు రాసే పని నాకు ఒప్పజెప్పారు. అలా పక్కన కూర్చుని రాస్తుంటే ఆమె సంగతులు నాకు కొంత తెలిశాయి.

మామకున్న జబ్బు పేరు గౌట్. దాన్ని కొండల్లో వెతుకుతానని ఆమె వయసులో ఉన్నప్పుడు అడిగితే పై డాక్టర్లు నవ్వారట. "అది రోజూ మాంసం, మందు ఉండే షావుకార్ల జబ్బమ్మా. అంబలి తాగేవాళ్ళ దగ్గర నీకేం దొరుకుతుంది?" అన్నారట. ఆమె వినలేదు. ఒకసారి మామ వేలి కీలులోంచి సూదితో చుక్క తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్నూ చూడమన్నారు. పసుపు, నీలం రంగుల్లో సన్నని సూదులు మెరుస్తున్నాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువైతే అలా సూదులై కీళ్ళలో గుచ్చుతుందట. అంత అందమైనది అంత నొప్పి పెడుతుందా అనిపించింది నాకు.

ఒక ముడి మాత్రం ఆమెకు విడలేదు. ఈ జబ్బు చాలామందికి పుట్టుకతో, రక్తంలో వస్తుందట. కానీ మామ ఈ ఇంటి రక్తం కాదు. అనంతగిరి వైపు నుంచి ఇల్లరికం వచ్చినవాడు. ఆమె అక్కడికీ వెళ్ళి చూశారు. మామ అన్నదమ్ములు మేకపోతుల్లా కొండలెక్కుతున్నారు. మా ఊళ్ళోనేమో పూజ చేసిన మనిషికి తప్ప ఇంకెవరికీ వేలు వాయదు. ఏం తింటారని గడపగడపకీ అడిగారు. అందరిదీ ఒకటే జవాబు. చోడి అంబలి, సామ అన్నం, దుంపలు, ఆకుకూర, ఎప్పుడైనా కోడి.

ఈ వేసవి దాటితే ఆమె రిటైరవుతారు. నేను ఫోన్ చేసి పండుగకు రమ్మన్నాను.

"పండుగ రోజు అందరూ కల్లు తాగి ఉంటారు కనకా. ఆ రక్తం పరీక్షకు పనికిరాదు. అందుకే కదా నేనెప్పుడూ పండుగలు తప్పించి వస్తాను."

"రక్తానికి కాదమ్మా. ఆయన పూజలో కూర్చునే రోజు మీరు నా పక్కన ఉండాలి. నాకు భయంగా ఉంది."

"సరే, భోజనం నీ ఇంట్లోనే," అన్నారు.

పండుగనాడు కొండమీద మేకను కోశారు. ప్రతి ఇంటికీ అడ్డాకుల మీద మాంసం సమానంగా కుప్పలు పోశారు. పూజ దగ్గరికి ఆడవాళ్ళు వెళ్ళరు కాబట్టి మేమంతా ఎడంగా కూర్చున్నాం. డాక్టరమ్మ నాకూ మా అత్తకూ మధ్యలో ఉన్నారు. కామేష్ తలకు పాగా చుట్టుకుని రాయి ముందు కూర్చున్నాడు. నిప్పుల మీద కాల్చిన కార్జం, గుండెకాయ ఒక ఆకులో పెట్టి అతని ముందుంచారు. పక్కన దొప్పలో జీలుగు చెట్టు కల్లు పోశారు.

డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకున్నారు. "అదంతా కామేష్ ఒక్కడే తింటాడా?"

"అది అమ్మవారి వాటా. పూజారే తినాలి, మిగల్చకూడదు," అన్నాను.

"ఏడాదికి ఈ ఒక్క రోజేనా?"

మా అత్త నవ్వింది. "ఒక్క రోజేటి డాక్టరమ్మా! ఇత్తనాల పండగ లేదా, కొత్త పంట తినే కొత్తలు లేవా, పెళ్ళిళ్ళు, మొక్కులు లేవా? ఊళ్ళో కోడి తెగినా మేక తెగినా కార్జం మా ఇంటికే రావాల. మొదటి దొప్ప కల్లూ మా ఇంటికే. మా అయ్యకి తప్పిన వారం నేదు."

"ఏం తింటారని ఏటా అడుగుతూనే ఉన్నాను కదా చిట్టెమ్మా! ఈ మాట ఒక్కసారీ చెప్పలేదే?"

"నువ్వు తిండి గురించి అడిగినావు. ఇది తిండేటి? అమ్మోరి పెసాదం!"

డాక్టరమ్మ నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. "ఉద్యోగమంతా రక్తంలో వెతికాను. పండుగ రోజులు ఎగ్గొట్టి మరీ వెతికాను," అన్నారు. కార్జం, గుండెకాయ, కల్లు అన్నీ ఆ యాసిడ్‌ను పెంచేవేనట. పుట్టుకతో కొంత, నోటితో కొంత, రెండూ కలిస్తే వేలు వాస్తుందట. "అయినా ఒక్క ఆకు చూసి తేల్చెయ్యకూడదు," అని తనకు తనే చెప్పుకున్నారు.

నేను సగం వినలేదు. కామేష్ మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"ఆపమని చెప్పండమ్మా," అన్నాను.

"వాళ్ళ అమ్మవారి ముందు ఆపమనడానికి నేనెవర్ని? ఈ ఒక్క పూట తింటే కాలేం పడిపోదు. ఏళ్ళ తరబడి తింటేనే ముప్పు. నెమ్మదిగా మాట్లాడదాం."

నా వల్ల కాలేదు. సోనిని ఒళ్ళోంచి దించి, "అయ్య దగ్గరికెళ్ళి ఓ ముక్క పెట్టమను, బేగెళ్ళు," అన్నాను.

అది పరుగెత్తింది. మగవాళ్ళ మధ్యలోంచి దూరి, తిన్నగా ఆకు ముందు నిలబడి చెయ్యి చాపింది. డప్పు ఆగింది. కామేష్ తండ్రి వైపు చూశాడు. మామను అక్కడిదాకా మోసుకొచ్చి, కాలు చాపుకోవడానికి బల్ల వేశారు.

"ఏటే గుంటా, అమ్మోరి వాటాయే అడుగుతన్నావా?" అన్నాడు మామ.

"ఆకలేత్తంది తాతా."

మామ తల తిప్పి నేనున్న వైపు చూశాడు. ఎవరు పంపారో ఆయనకు తెలిసిపోయింది.

"పెట్టరా దానికి," అన్నాడు కొడుకుతో. "నాను కూకున్నన్నాళ్ళూ ఒక్కడూ సెయ్యి సాపలేదు. అంతా నానే మింగినాను. నాకసలు కార్జమంటేనే గిట్టదు."

మా అత్త లేచి నిలబడింది. "ఏటీ! గిట్టదా? ఇన్నాళ్ళూ సెప్పనేదేటి?"

"అమ్మోరి పెసాదం బాగోలేదని సెప్తారేటే ఎవులైనా?"

కొండంతా నవ్వింది. ఊరి పెద్దల్లో ఒకడైన సుక్రు మాత్రం కర్రతో నేల మీద కొట్టాడు. "ఆచారం సెడగొడుతున్నావు సోంబరూ. రేపు వాన పడకపోతే ఎవుడు జవాబు సెప్తాడు?"

"నన్నడుగు. నానెక్కడికి పోగల్ను, కాలు కట్టేసుంది కదా!"

ఆ మాటకు సుక్రు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఈలోగా సోనిని చూసి మిగతా పిల్లలంతా ఆకు చుట్టూ మూగారు. కామేష్‌కు మొదట తిన్న ఆ ముక్క తప్ప ఇంకేమీ మిగల్లేదు. కల్లు దొప్పకు పిల్లలతో పనిలేకపోయింది. మామ ఈడువాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ముందుకొచ్చి తలా ఒక గుక్క పంచుకున్నారు.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ మా ఇంట్లో సామ అన్నం తిన్నారు. మామతో చాలాసేపు మాట్లాడి రోజూ వేసుకోవాల్సిన మాత్ర రాసిచ్చారు. కామేష్ రక్తం తీయడానికి మళ్ళీ వచ్చారు. యాసిడ్ కాస్త ఎక్కువే ఉందట గాని భయం లేదట. కల్లు తగ్గించమన్నారు. అతను తగ్గిస్తానన్నాడు. తగ్గించాడనే అనుకుంటున్నాను. కార్జం వాటా మాత్రం ఇప్పుడు పిల్లలదే. మొన్న ఒకరింట్లో మొక్కు కోడి తెగితే, అమ్మవారికి చూపించగానే పిల్లలు వరసలో కూర్చుండిపోయారు.

డాక్టరమ్మ రిటైరయ్యారు. ఇంట్లో ఉండడం లేదు. ఊరూరా తిరిగి పూజారులను వెతికి, కాళ్ళు చూపించమని అడుగుతున్నారు. కొందరు సిగ్గుపడుతున్నారట. పోయిన వారం ఫోన్ చేశారు.

"కనకా, ఇక్కడొకాయనకి వేలు వాచింది. పక్క ఊరాయనకి లేదు. ఆయన కూడా కార్జం తింటాడు మరి! పేపరు రాయడానికి ఇంకా చాలా తిరగాలి."

తేలలేదని చెబుతూ మనిషి అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

నా భయం పూర్తిగా పోలేదు. పొద్దున్నే కామేష్ లేవకముందు కాళ్ళ దగ్గర దుప్పటి తీసి చూస్తాను. నిన్న అలా చూస్తుంటే అతనికి మెలకువ వచ్చింది.

"ఏటే, పూజారి కాళ్ళకి మొక్కుతన్నావా?"

"మొక్కడానికేటుంది? గోళ్ళు పెరిగిపోనాయి, తీసుకో," అని పొయ్యి రాజెయ్యడానికి వెళ్ళాను.