రెండు ముక్కల కంచు చేయి

తూరో తన గుర్రం మీద శవాన్ని వేసుకుని మిట్టమధ్యాహ్నం కోట గుమ్మం చేరాడు. శవం లూబోది. ఆ కోటలో ఉండే రెతుగేనోకు ఒక్కగానొక్క కొడుకు.

తూరో సంచిలోంచి సగం కంచు చేయి తీసి చూపించాడు. రెతుగేనో ఇంట్లో గోడకున్న రెండో సగాన్ని తెచ్చి కలిపాడు. వేలికి వేలు అతికింది. తూరో తండ్రీ, రెతుగేనో ఒకప్పుడు స్నేహం కలుపుకుని పంచుకున్న ముక్కలవి. అవి కలిశాక తూరో ఆ ఇంటి అతిథి. పొలిమేర వాగు దాటేదాకా ఆ ఇంటివాళ్ళెవరూ అతని మీద చెయ్యెత్తకూడదు. రోము పటాలాలు మా అరెవాకు తెగవాళ్ళ కొండలు ఇంకా ఎక్కని ఆ రోజుల్లో అంతకు మించిన కట్టుబాటు లేదు.

తప్పిపోయిన గుర్రప్పిల్లను వెతుకుతూ లూబో కొండచరియ మీంచి జారిపడ్డాడని తూరో చెప్పాడు. ఊరిపెద్ద కారో తాత అది విని చితి పేర్చమన్నాడు. కత్తిపోరులో పోయినవాడినైతే రాబందులకు వదులుతారు. అవి అతన్ని పైనున్న దేవుళ్ళ దగ్గరికి మోసుకుపోతాయి. జారిపడ్డవాడూ జ్వరంతో పోయినవాడూ నిప్పుకే. బూడిద కుండలోకి, కుండ మట్టిలోకి. అంతటితో సరి.

రెతుగేనో గొడ్డలి తీసుకుని కట్టెలు కొట్టడానికి పెరట్లోకి వెళ్ళాడు.

లూబో తల్లి ఎలాంద శవాన్ని కడగడానికి లోపలికి తెప్పించి, తూరోను మాత్రం ఉండమని తలుపు మూసింది. ఓక్ చెట్ల కాయల పిండితో చేసిన రొట్టె, గోధుమ కల్లు అతని ముందు పెట్టింది.

"నీకు అబద్ధం చేతకాదు నాయనా. వీడి గోళ్ళ నిండా ఈకలున్నాయి. గుర్రప్పిల్లలు గద్దగూట్లో పడుకుంటాయా?"

తూరో తల దించుకున్నాడు. గద్దపిల్లను తెస్తావా అని పందెం కాసింది తానేనన్నాడు. "సగం ఎక్కి దిగిపోబోయాడు పిన్నీ. పిరికి గొడ్డు అని నేనే నవ్వాను. మళ్ళీ ఎక్కాడు."

ఎలాంద చాలాసేపు కొడుకు జుట్టు దువ్వుతూ ఉండిపోయింది. తర్వాత తూరో ఒరలోంచి బాకు దూసి, కడిగిన ఛాతీలో దింపి తీసింది. నెత్తురు రాలేదు.

"వీడిని చంపింది నువ్వే," అంది. "కత్తులు దూసుకున్నారు. వీడు ఎదురు నిలిచి పోయాడు. కారో తాతకు అలా చెప్పు."

"చెబితే నేను వాగు దాటగానే బాబాయ్ నరికేస్తాడు."

"అయితే దాటకు. ఇక్కడే ఉండు. బతికున్నన్నాళ్ళూ నీకు రొట్టె నేను పెడతాను."

పెరట్లో గొడ్డలి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి. చితికి చాలినన్ని కట్టెలు కావడానికి ఎంతోసేపు పట్టదు. తూరో శవం వైపు చూశాడు. కల్లు ముంత ఎత్తి అడుగుదాకా తాగాడు.

చంపింది తానేనని, భయపడి కొండచరియ మాట అల్లానని తూరో వాకిట్లో చెప్పాడు. కారో తాత గాయాన్ని చూశాడు. ఒక్కటే అడిగాడు.

"పోయేటప్పుడు వాడి చేతిలో కత్తుందా?"

"ఉంది తాతా. ముందు దూసింది కూడా వాడే."

రెతుగేనో గొడ్డలెత్తాడు. ఎలాంద కలిపి పట్టుకున్న కంచు చేతిని తూరో ఛాతీకి అడ్డం పెట్టింది. గొడ్డలి కాసేపు గాల్లోనే ఉండి మెల్లగా కిందికి దిగింది.

లూబోను కొండమీది రాళ్ళ వలయంలో పడుకోబెట్టారు. సాయంత్రం లోపే ఆకాశంలో నల్లచుక్కలు తిరిగాయి. ఎలాంద అవి దిగేదాకా చూసి ఇంటికి వచ్చి, లూబో కూర్చునే చోట తూరోకు వడ్డించింది.

మంచు పడింది, కరిగింది. తూరో సొంత అన్నయ్య వాగు అవతల నిలబడి ఇంటికి రమ్మని కేకలేసి, చివరికి రావడం మానేశాడు.

చీకటి పడగానే రెతుగేనో తూరో పక్కన కూర్చుంటాడు. కొడుకు ఎలా పోరాడాడో చెప్పమంటాడు. తూరో చెబుతాడు. చెప్పినకొద్దీ లూబో దెబ్బలు పెరుగుతాయి. తండ్రి కళ్ళు మెరుస్తాయి. ఎలాంద పొయ్యి వైపు తిరిగి ఉంటుంది.

కథ అయ్యాక రెతుగేనో అతని ముంత నింపి, భుజం తట్టి, రోజూ అదే మాట అంటాడు.

"వెళ్ళే రోజు ముందుగా చెప్పు నాయనా. వాగుదాకా నేనే వచ్చి సాగనంపుతాను."